మూడు రోజుల పాలు

భవానీపురం,
విజయవాడ.
6 జులై 1997

ఒసేయ్ గంగా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. ఏరు దాటే పంటు మీద అసలే చదవకు, సంతోషం పట్టలేక నీళ్ళలో పడతావు. ఇంటికి వెళ్ళి, చాప వేసుకుని, కూర్చుని చదువు. కూర్చున్నావా? నాకు ఐదో నెల.

పెళ్ళయిన ఆరేళ్ళకి. ఇన్నాళ్ళూ నీకు ఎందుకు రాయలేదని తిట్టకు. దిష్టి తగులుతుందని అత్తమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. నా నోరు కట్టేసి, తను మాత్రం పాలు పొయ్యడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ 'మీలోనే ఉంచుకోండి, ఎవరికీ చెప్పమాకండి' అని చెప్పి వచ్చింది. ఇప్పుడు భవానీపురంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నీకే ఆలస్యమైంది.

నువ్వు మా ఇల్లు చూసింది నా పెళ్ళిలో ఒక్కసారే కదా. ఆ తరవాత చాలా మారింది. మామయ్య రైల్వేలో రిటైరై పెరట్లో రెండు గేదెల్ని కట్టాడు. వీధిలో మామయ్యని బడే మియా అంటారు. పేరుకి బడే మియా గేదెలు గానీ, పాలు పితికేదీ ఇంటింటికీ వాడకాలు పోసేదీ అత్తమ్మే. మా ఆయన కరిముల్లా ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కడుతున్నాడు. రాత్రి ఇంటికి వచ్చి నా పొట్టకి సలాం చెప్పి, తరవాత నాకు చెబుతున్నాడు.

అమ్మ లేని పిల్లనని నన్ను పురిటికి అవనిగడ్డ పంపనంది అత్తమ్మ. "మీ నాన్నకి తను వండుకోడమే రాదు, నీకేం వండి పెడతాడు. ఇక్కడే ఉండు" అంది. రాత్రిళ్ళు నా కాళ్ళకి నూనె రాస్తోంది. వద్దంటే పాదం మీద ఒక్కటేస్తుంది. అమ్మ ఉంటే ఇలాగే చేసేదేమో, నాకు తెలియదు. నాకు తెలిసిన అమ్మ ఈవిడే.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో పురుడొస్తే మొదటి మూడు రోజుల తల్లిపాలు పిండి పారబోస్తారు. చెడ్డపాలట. ఆ మూడు రోజులూ పసిబిడ్డకి తేనె, పంచదార నీళ్ళు, నీళ్ళు కలిపిన గేదెపాలు గుడ్డ ఒత్తితో పడతారు. పోయినేడాది మా ఆడపడుచు కొడుక్కి అలాగే పట్టారు. వారం తిరక్కుండా విరేచనాలు పట్టుకుని పిల్లాడు వాడిపోయాడు. ఆస్పత్రిలో ఆ చిన్న చేతికి సూది గుచ్చడానికి నరం దొరకలేదు. బతికాడు, ఇప్పుడు మా గోడలెక్కి దూకుతున్నాడు. కానీ ఆ చెయ్యి నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నువ్వు నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు ఆ మొదటి పాలే మంచివని ఏదో రాశావు. అప్పుడు నాకు పెళ్ళి కాలేదు, సిగ్గేసి సగం చదివి మడిచేశాను. ఇప్పుడు మళ్ళీ రాయి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాయి. నా బిడ్డకి ఆ పాలు దక్కాలి. అలాగని అత్తమ్మతో పోట్లాడి గెలవడం నాకు ఇష్టం లేదు. ఓడిపోవడం అంతకన్నా ఇష్టం లేదు.

నీ
ముబీనా

*

ఎదురుమొండి,
నాగాయలంక మండలం.
21 జులై 1997

ముబీనా,

నువ్వు కూర్చుని చదవమన్నావు. నేను సబ్‌సెంటర్ మెట్ల మీద నిలబడే చదివాను. తరవాత ఏం చేశానో నాకే సరిగ్గా తెలియదు గానీ, కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన జాలరి ఒకాయన "ఏందమ్మా సిస్టరమ్మా, జీతం పెంచారా" అని అడిగాడు. మా స్నేహితురాలికి ఐదో నెల అన్నాను. ఆయనకి నువ్వెవరో తెలియదు. అయినా మర్నాడు ఒక చందువా చేప తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఆ అమ్మాయి పేరు చెప్పుకుని తినండి" అని వెళ్ళాడు. నీ పేరు చెప్పుకుని ఇగురు పెట్టి మొత్తం నేనే తిన్నాను.

ఇప్పుడు పాఠం. హైస్కూల్లో నేను చెప్పిన పాఠాలన్నీ నిద్రపోతూ విన్నావు. దీనికి మేలుకో.

మన ఒంటికి మొదటి కాపలా చర్మం. దాన్ని దాటి ఏ క్రిమీ ఊరికే రాలేదు. కంట్లో పడితే కన్నీళ్ళు కడిగేస్తాయి. ముక్కులో దూరితే తుమ్మి బయటికి నెడతాం. అన్నంతో పాటు లోపలికి పోతే కడుపులో ఆమ్లం చాలావాటిని చంపేస్తుంది. వీటన్నిటినీ తప్పించుకుని ఒంట్లోకి వచ్చిందనుకో, రక్తంలో తెల్లకణాలున్నాయి. అవి చుట్టుముట్టి మింగేస్తాయి. జ్వరం వస్తే మనం రోగం వచ్చిందని ఏడుస్తాం గానీ, చాలాసార్లు అది ఒళ్ళు పోట్లాడుతోందని గుర్తు.

అన్నిటికన్నా నాకు నచ్చేది వేరే ఉంది. ఒకసారి పోట్లాడిన శత్రువుని ఒళ్ళు మర్చిపోదు. ఏడో తరగతిలో నీకు తట్టు పోసి మూడు పరీక్షలు ఎగ్గొట్టావు. ఆ మరుసటేడు హాస్టల్లో సగం మందికి పోసింది. నువ్వు వాళ్ళ మధ్యే తిరిగి అందరికీ జావ కాచి పోశావు, నీకేం కాలేదు. నీ బుర్రకి ఎక్కాలు గుర్తుండవు గానీ నీ ఒంటికి అన్నీ గుర్తే. టీకా వేసేది కూడా ఇందుకే. నిజం రోగం రాకముందే దాని మొహం ఒంటికి చూపించి ఉంచుతాం.

పుట్టిన బిడ్డ ఒళ్ళు ఇంకా ఎవర్నీ చూడలేదు. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. అందాకా తల్లి ఒళ్ళు నేర్చుకున్నదే బిడ్డకి ఆధారం. కొంత కడుపులో ఉండగానే నీ రక్తంలోంచి అందుతుంది. ఇంకొంత ఆ మొదటి పాలలో వస్తుంది. ముర్రుపాలు పచ్చగా, చిక్కగా, చెంచాడే ఉంటాయి. వాటిని చూసి చెడ్డపాలనీ, చాలని పాలనీ అనుకుంటారు. అవి బిడ్డ పేగులకి లోపల పూత పూసినట్టు అంటుకుని క్రిముల్ని దిగనివ్వవు. వాటిని పారబోసి గుడ్డ ఒత్తితో పంచదార నీళ్ళు పట్టడమంటే, చేపల చెరువు కాపలావాణ్ణి ఇంటికి పంపేసి దొంగ చేతికి వల ఇవ్వడమే.

ఇంత చెప్పేదాన్ని ఈ ఊళ్ళో ఎంతమందిని ఒప్పించానని అడుగుతావేమో, అడక్కు. నేను అద్దెకుంటున్న ఇంటావిడ కొండలమ్మే ఇక్కడ మంత్రసాని. మంచి మనిషి, చెయ్యి చాలా మెత్తన. కానీ ముర్రుపాల మాట ఎత్తితే "నువ్వు సూదులెయ్యి పాపా, నేను పురుళ్ళు పోస్తా. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే కూర చల్లారకుండా తినొచ్చు" అంటుంది. నేను ఊరందరికీ చెప్పి అలిసిపోయాను. నువ్వొక్కదానివి వింటే చాలు, ఈ ఉద్యోగం చేసినందుకు ఫలితం దక్కిందనుకుంటాను.

ఆకుకూరలు తిను. టీటీ సూదులు రెండూ వేయించుకున్నావా?

గంగాదేవి

*

భవానీపురం,
14 సెప్టెంబరు 1997

గంగా,

వేయించుకున్నాను. చెయ్యి వాచింది. ఒళ్ళు పోట్లాడుతోందని మా ఆయనకి చెబితే, ఎవరితో అని అడిగాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆటోనగర్‌లో వాళ్ళ షెడ్డులో అందరికీ తెల్లకణాల కథ చెప్పాడట. ఇప్పుడు అక్కడ ఎవరికి జ్వరం వచ్చినా "కణాలు డ్యూటీ ఎక్కాయి" అంటున్నారట.

నేను అత్తమ్మని మెల్లిగా కదిపి చూశాను. బీరకాయలు తరుగుతూ, ఏదో ఊసుపోక అడిగినట్టు, "అత్తమ్మా, ఆ మొదటి పాలు పడితే ఏమవుతుంది" అన్నాను. ఆవిడ కత్తిపీట మీంచి తల ఎత్తకుండా "పట్టరు" అంది. ఎందుకు పట్టరో చెప్పలేదు. బీరకాయ మాత్రం మామూలు కన్నా సన్నగా తరిగింది.

ఆ మర్నాడు ఏమైందో విను. తెల్లారగట్ల పెద్ద గేదె ఈనింది. పెయ్యదూడ. మామయ్య సంతోషం చూడాలి, నా కడుపులో బిడ్డ సంగతే మర్చిపోయాడు. ఆ వార్త ఎలా పాకిందో గానీ వీధిలో ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని జున్నుపాల కోసం వచ్చేశారు. అత్తమ్మ కొంగు నడుముకి చుట్టి గేదె పక్కన నిలబడింది. "ముందు దూడ తాగాలి. అది కడుపునిండా తాగితేనే మీకు. తాగని దూడ బతకదమ్మా, మీకు తెలియదా" అని ఒక్కొక్కరికీ తలంటింది. దూడకి నిలబడే ఓపిక లేకపోతే వంగి తన ఒళ్ళోకి ఎత్తుకుని పొదుగు అందించింది. దూడ మూతి నిండా పచ్చటి నురగ. అత్తమ్మ మొహం వెలిగిపోతోంది.

నేను పక్కనే ఉన్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆగలేక అడిగేశాను, "మరి మన బిడ్డకో?" అని.

ఆవిడ నవ్వు పోయింది. "అది గొడ్డు బేటీ. దాన్ని అడిగే పెద్దలెవరున్నారు? మనకున్నారు. రేపు ఆపా వచ్చి అడిగితే ఏం చెప్తావు?" అంది.

ఆపా అంటే మామయ్య అక్క హఫ్సా ఫుఫూ. ఇబ్రహీంపట్నంలో కొడుకు దగ్గర ఉంటుంది, ఆయనకి థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. మా ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా ఆవిడ వచ్చి దగ్గరుండి జరిపించాల్సిందే. ఆవిడ బస్సు దిగుతోందంటే అత్తమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. బిర్యానీలో పుదీనా ఎంత వెయ్యాలన్న దగ్గర్నుంచి గేదెకి ఏ పేరు పెట్టాలన్న దాకా ఇద్దరికీ ఎప్పుడూ పొసగదు. వాదన మొదలైతే మామయ్య చెప్పులేసుకుని కృష్ణ ఒడ్డుకి పోతాడు. అంత వాదించే అత్తమ్మ, పురుటి ఆచారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ ముందు నోరెత్తదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

నాకేం చెయ్యాలో తోచడం లేదు గంగా. నీకేమైనా తోస్తే రాయి.

ముబీనా

*

ఎదురుమొండి ఆరోగ్య ఉపకేంద్రం,
26 సెప్టెంబరు 1997

శ్రీమతి వజీరా బేగం గారికి,
ఎ.ఎన్.ఎమ్. కె. గంగాదేవి నమస్కరించి తెలియజేయునది.

తమ కోడలు శ్రీమతి ముబీనాకు ప్రసవమైన వెంటనే, ఒక గంటలోపుగా, శిశువుకు తల్లి ముర్రుపాలు తప్పనిసరిగా పట్టించవలెను. తేనె, పంచదార నీరు, పశువుల పాలు మొదలగునవి శిశువునకు ఏమాత్రము ఇవ్వరాదు. ముర్రుపాలు పారబోయుట శిశువు ఆరోగ్యమునకు హానికరమని ఆరోగ్యశాఖ వారు పలుమార్లు ప్రకటించియున్నారు. ఇందుమూలముగా తమరు ఈ విషయమై తగిన శ్రద్ధ వహించగలరని ఆశించుచున్నాను.

ఇట్లు,
కె. గంగాదేవి
(ఉపకేంద్రం సీలు)

*

భవానీపురం,
3 అక్టోబరు 1997

గంగాదేవి గారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు అర్థమై ఉంటుంది.

నీ ఖాకీ కవరు వచ్చింది. గుండ్రటి సీలుతో. అత్తమ్మ జీవితంలో ఆవిడ పేరు మీద వచ్చిన మొదటి కవరు అది. ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది, అంత పెద్ద మాటలు రావు. సంతోషంగా పట్టుకెళ్ళి మా వీధిలో ఉండే వెంకటకృష్ణారావు మాస్టారి చేత చదివించుకుంది. ఆయనకి చెవుడు. తనకి వినపడేలా చదివేసరికి వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడింది. ఇందుమూలముగా, తగిన శ్రద్ధ వహించగలరు. పాలు పోయించుకునే ఆడవాళ్ళందరూ అరుగుల మీద నిలబడి విన్నారట.

ఇంటికి వచ్చి కవరు నా ముందు పెట్టింది. "నా మీద సర్కారుకి రాశావా బేటీ" అని అడిగింది. అంతే. అరిచినా బాగుండేది.

రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. రాత్రి మాత్రం వచ్చి కాళ్ళకి నూనె రాస్తోంది, మాట్లాడకుండా. నువ్వు నా స్నేహితురాలివనీ, ఆ సీలు ఊరికే గంభీరంగా ఉంటుందని వేశావనీ చెప్పాను. నమ్మినట్టు తల ఊపింది. ఆవిడ నమ్మలేదని నాకు తెలుసు.

ఏదైనా తోస్తే రాయమన్నది నాకు. ఆవిడకి కాదు.

ముబీనా

*

ఎదురుమొండి,
9 అక్టోబరు 1997

ముబీనా,

తప్పయింది. ఇక్కడ ఎవరూ నా మాట వినకపోతే, సీలు వేస్తే అక్కడైనా వింటారనుకున్నాను. ఒక పెద్దావిడని వీధిలో నిలబెట్టానని ఇప్పుడు తెలిసి అన్నం సయించడం లేదు.

అత్తమ్మగారికి వేరే కార్డు రాశాను. సీలు లేదు, ఇందుమూలముగా లేదు. "అమ్మా, నేను మీ ముబీనాతో కలిసి చదువుకున్న గంగని. మీ ఇంటి పెళ్ళివిందులో మూడుసార్లు అడిగి బిర్యానీ పెట్టించుకున్న పిల్లని. ముబీనా మీ మీద ఎవరికీ ఏమీ రాయలేదు. మీరు కాళ్ళకి నూనె రాస్తారని మాత్రం రాసింది" అని పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాశాను. మాస్టారితో పని లేకుండా ఆవిడే చదువుకోవచ్చు.

నువ్విక పాల సంగతి ఎత్తకు. బుద్ధిగా ఆవిడ పక్కన కూర్చో, బీరకాయలు తరుగు. ఒక్కటి మాత్రం చెయ్యి. నువ్వు చూపించుకునే చోట పురుటి గదిలో ఉండే సిస్టర్ ఎవరో కనుక్కుని, బిడ్డ పుట్టగానే తుడిచి నీ గుండెల మీద పెట్టమని ఇప్పుడే అడిగి ఉంచు. బిడ్డకి ఎవరూ నేర్పక్కర్లేదు, అదే వెతుక్కుంటుంది. అప్పుడు నీకు ఎంత ధైర్యముంటే అంత.

నా మీద కోపం పోతే గారు తీసేసి రాయి.

గంగ

*

భవానీపురం,
22 నవంబరు 1997

ఒసేయ్ గంగా,

గారు పోయింది. ఆడపిల్ల పుట్టింది.

మొన్న పదిహేడో తారీఖు పొద్దున గవర్నర్‌పేటలోని నర్సింగ్ హోమ్‌లో. రెండు కిలోల ఎనిమిది వందలు. జుట్టు చెవుల మీదకి ఉంది. ముక్కు మా ఆయనది, గొంతు ఎవరిదో తెలియదు, అంత గొంతు మా ఇంట్లో ఎవరికీ లేదు. రెహానా అని పేరు పెట్టాం. పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు చెప్పినట్టే ఆ గదిలో ఉండే తెరేసమ్మ సిస్టర్‌ని ముందే అడిగి ఉంచాను. ఆవిడ పిల్లని తుడిచి నా గుండెల మీద పెట్టింది. మామయ్యని లోపలికి పిలిచారు. పిల్ల చెవిలో అజాన్ చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఇంటి ఆచారం ప్రకారం పెద్దవాళ్ళు వచ్చి పిల్ల నాలుక మీద తేనె పెట్టాలి.

ఆ తేనె పెట్టేది ఎవరన్న దగ్గర బయట వరండాలో గొడవ మొదలైంది. తేనె పెట్టినవాళ్ళ గుణం బిడ్డకి వస్తుందని వీళ్ళ నమ్మకం. హఫ్సా ఫుఫూ ఇబ్రహీంపట్నం నుంచి సీసా తెచ్చింది. అత్తమ్మ ఇంటి నుంచి సీసా తెచ్చింది. ఫుఫూ అంటోంది, "నా గుణం వస్తే పిల్ల బాగుపడుద్ది" అని. అత్తమ్మ అంటోంది, "వస్తే ఇల్లంతా ఇబ్రహీంపట్నం అయిపోద్ది ఆపా" అని. నాకు లోపలికి అన్నీ వినపడుతున్నాయి. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. ఈలోగా పిల్ల తల తిప్పి, తిప్పి, దానంతటది పట్టేసుకుంది. గంగా, దానికి నిజంగానే ఎవరూ నేర్పలేదు.

అప్పుడు బయట ఫుఫూ గొంతు, "ముబీనా బక్కపల్చన. దీని పాలు మూడు రోజులు పిండితే చాలదు, ఐదు రోజులు పిండి పారబొయ్యాలి" అంది.

ఆ మాటకి అత్తమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

పిల్లని లాగేస్తుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. అత్తమ్మ నన్ను చూసింది. పిల్లని చూసింది. పిల్ల బుగ్గ మీద పచ్చటి చుక్క ఒకటి జారుతోంది. అత్తమ్మ వంగి ఆ చుక్కని వేలితో తీసి, తుడిచేస్తుందనుకున్నాను, పిల్ల పెదవి మీద రాసింది.

గదిలో ఉన్న ఇనప స్టూలు ఈడ్చుకెళ్ళి, తలుపు వేసి, గడియ లేదు కాబట్టి తలుపుకి ఆనించి వేసుకుని దాని మీద కూర్చుంది.

ఫుఫూ తట్టింది. "వజీరా, తలుపు తియ్యి. తేనె పెట్టాలి."

"పిల్ల నిద్రపోతోంది ఆపా."

"ఏడుపు వినపడుతుంటే నిద్రంటావేంటి?"

"అది ముబీనా ఏడుపు."

నిజమే. నేనే ఏడుస్తున్నాను, చిన్నపిల్లలాగా, గుక్కపట్టి. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆ స్టూలు మీంచి అత్తమ్మ మూడు రోజులు దిగలేదంటే నమ్ము. డాక్టరమ్మ ఎవర్నీ రానివ్వద్దందని ఫుఫూకి చెప్పింది. డాక్టరమ్మ అలా అనలేదు. నిద్రపోయే ఆడపిల్ల నాలుక మీద తేనె పెడితే మాటలు ఆలస్యంగా వస్తాయంది. ఆ ఆచారం ఎక్కడిదని ఫుఫూ అడిగితే, "మా పుట్టింటిది, మీకు తెలియదు" అంది. మధ్యలో పాల వాడకాలు మామయ్యకి అప్పజెప్పింది. ఆయన లీటరు ఇంట్లో పావు పోసి, పావు ఇంట్లో లీటరు పోసి వచ్చాడు. భవానీపురంలో సగం మంది మా పిల్ల పుట్టిన సంతోషంలో ఊరుకున్నారు, మిగతా సగం మంది వచ్చి దెబ్బలాడారు.

ఇంటికి వచ్చాం. పిల్ల తాగుతోంది, నిద్రపోతోంది, అరుస్తోంది. అత్తమ్మ మళ్ళీ కాళ్ళకి నూనె రాస్తోంది, మాట్లాడుతూ.

నీ
ముబీనా

*

ఎదురుమొండి,
1 డిసెంబరు 1997

ముబీనా,

నీ ఉత్తరం మా వీధిలో మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకు. రెండోసారి చందువా చేప తెచ్చిచ్చినాయనకి, ఆయనకి హక్కుంది. మూడోసారి కొండలమ్మకి. స్టూలు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వల అల్లే చెయ్యి ఆపేసింది. "ఆ తలుపు దగ్గర కూర్చున్నామె ఎవరు పాపా" అని అడిగింది. అత్తగారని చెప్పాను. "అత్తగారే?" అని మళ్ళీ వల అందుకుని, "ఆమెని ఒకసారి మన ఊరు తీసుకురా. నాలుగు మాటలు అడగాలి" అంది. నేను రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అయినా నాకు ఉక్రోషం రాలేదు. ఆ రోజు ఇద్దరం కలిసి రొయ్యల వేపుడు చేసుకుని తిన్నాం.

పిల్లకి నెలా పదిహేను రోజులకి మొదటి టీకా గుర్తుపెట్టుకో. జ్వరం వస్తే కంగారు పడకు, కణాలు డ్యూటీ ఎక్కాయని ఆటోనగర్‌కి కబురు చెయ్యి.

ఒక సంగతి మాత్రం అడుగుతాను. గేదె చెప్పినా వినని మనిషి, నా సీలుకి నొచ్చుకున్న మనిషి, ఆ రోజు అలా ఎందుకు చేసింది? నా కార్డు వల్లనా? అయితే చెప్పు, కొంచెం గర్వపడతాను.

గంగ

*

భవానీపురం,
28 డిసెంబరు 1997

గంగా,

నువ్వు గర్వపడేదేం లేదు, కార్డు వల్ల కాదు. కార్డు మాత్రం అత్తమ్మ తలదిండు కింద ఉంది. తనే చదువుకున్న మొదటి ఉత్తరమని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

నిన్న నలభయ్యో రోజు స్నానం అయింది. ఇంటి నిండా జనం. రంజాన్ నెల దగ్గరపడుతోంది కదా, ఆ సరుకులూ ఈ విందూ కలిసి వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. పోయిన వారం రెహానాకి జలుబు చేసింది. రెండు రోజులు తుమ్మి, ముక్కు ఎర్రగా చేసుకుని, మూడో రోజుకి ఏమీ ఎరగనట్టు తేలిపోయింది. హఫ్సా ఫుఫూ వచ్చి పిల్లని ఎత్తుకుని బరువు చూసి, "మా పుట్టింటి ఒళ్ళు" అంది. అత్తమ్మ కాదనలేదు. అవుననీ అనలేదు.

జనమంతా వెళ్ళాక పెరట్లో గిన్నెలు తోముతూ నీ ప్రశ్న ఆవిడని అడిగాను. "అత్తమ్మా, ఆ రోజు ఎందుకలా చేశావు? గంగ రాసిందనా, గేదెని చూసా?"

"గేదే కాదు, గంగా కాదు" అంది. బూడిద చెయ్యి కడుక్కుంది. తరవాత ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా చెప్పింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నాకు ముగ్గురు పుట్టారు బేటీ. ముగ్గురికీ మూడేసి రోజులు. పాలు పొంగి రవిక తడిసిపోయేది. ఆపా గిన్నె పట్టేది, పిండించేది, తీసుకెళ్ళి మందారం మొదట్లో పోసేది. బిడ్డ పక్కగదిలో ఏడ్చేది. కరిముల్లా అయితే గొంతు పోయేదాకా ఏడ్చాడు. లేచి పోదామనే అనుకునేదాన్ని. గుమ్మంలో ఆపా పీట వేసుకుని కూర్చునేది, నన్ను దాటనిచ్చేది కాదు. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది. ఆ రోజు వరండాలో ఐదు రోజులన్న మాట వినేసరికి, కరిముల్లా గొంతు వినపడింది నాకు. అప్పుడు నేను ఆ గుమ్మం దాటలేకపోయాను. ఇప్పుడు ఆ గుమ్మంలో నేనే కూర్చుందామనుకున్నా."

నీ
ముబీనా